చందమామ కంటే చిన్నదైన భూమి: ఓరియన్ చిత్రాలను చదవడం ఎలా?

2022 నవంబరు 28న ఓరియన్ వ్యోమనౌక పంపిన ఒక చిత్రంలో ముందుగా కనిపించేది నౌక తెల్లటి శరీరం. దాని అవతల బూడిదరంగు చందమామ, ఆ పక్కనే చందమామ కంటే చిన్నగా, నీలమూ తెలుపూ కలిసిన భూమి. ఆ క్షణాన నౌకలో మనిషన్నవాడు లేడు. కెమెరా వెనుక కన్ను లేదు.

ఈ చిత్రం చూసిన చాలామందికి వెంటనే ఒక సందేహం వస్తుంది. భూమి వెడల్పు చంద్రుడి వెడల్పుకు దాదాపు మూడున్నర రెట్లు పైనే కదా, మరి ఇందులో చంద్రుడు పెద్దగా ఎందుకున్నాడు? ఆ వెనకే మరికొన్ని ప్రశ్నలు. నక్షత్రాలు ఒక్కటీ లేవేమిటి? భూమి నిండుగా కాకుండా ఒక పక్క తరిగినట్టు ఎందుకుంది? ఇలాంటి సందేహాలను కొట్టిపారేయడం నాకు నచ్చదు. అవి చిత్రాన్ని శ్రద్ధగా చూసినవాళ్లకే వస్తాయి. పైగా వాటిలో ప్రతి ఒక్కటీ మనల్ని నేరుగా జ్యామితి దగ్గరికి తీసుకెళుతుంది. చిత్రంలో వింతగా అనిపించే ప్రతి విషయమూ ఆ నౌక నిజంగా ఎక్కడ ఉందో, సూర్యుడు ఎటు ఉన్నాడో చెప్పే సాక్ష్యమే.

ముందు ప్రయాణం సంగతి క్లుప్తంగా. ఆర్టెమిస్-1 పేరుతో నాసా చేపట్టిన ఈ పరీక్ష 2022 నవంబరు 16న ఫ్లోరిడాలోని కెనడీ అంతరిక్ష కేంద్రం నుంచి మొదలైంది. ఎస్‌ఎల్‌ఎస్ అనే కొత్త రాకెట్‌కు అది మొదటి ప్రయోగం. మనుషులను మోయడానికి తయారైన ఓరియన్‌ను మనుషులు లేకుండా చంద్రుడి దాకా పంపి వెనక్కి రప్పించడం దాని ఉద్దేశం. కమాండర్ సీటులో సెన్సార్లు అమర్చిన ఒక బొమ్మను కూర్చోబెట్టారు. అపోలో-13 సిబ్బందిని క్షేమంగా వెనక్కి తేవడంలో పాలుపంచుకున్న ఇంజినీరు ఆర్టురో కాంపోస్ పేరును దానికి పెట్టారు. డిసెంబరు 11న నౌక పసిఫిక్ మహాసముద్రంలో, మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా తీరానికి దూరంగా దిగింది.

ఇప్పుడు మొదటి ప్రశ్న. ఒక వస్తువు ఎంత పెద్దగా కనిపిస్తుందన్నది దాని అసలు వెడల్పును మన నుంచి దాని దూరంతో భాగిస్తే తేలుతుంది. భూమి వ్యాసం 12,742 కిలోమీటర్లు. నవంబరు 28న ఓరియన్ భూమికి 4,32,210 కిలోమీటర్ల దూరంలో ఉంది. భాగించి డిగ్రీల్లోకి మారిస్తే సుమారు 1.7 డిగ్రీలు వస్తుంది. చేయి చాచి బొటనవేలు నిలబెడితే ఆ వేలు వెడల్పు సుమారు 2 డిగ్రీలు. అంటే సముద్రాలూ ఖండాలూ ధ్రువాలతో సహా భూమి మొత్తం ఆ వేలి చాటుకు వెళ్లిపోతుంది. ఇక చంద్రుడి వ్యాసం 3,474 కిలోమీటర్లు. అదే సమయానికి నౌక నుంచి చంద్రుడు దాదాపు 69,000 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాడు. భాగిస్తే సుమారు 2.9 డిగ్రీలు. చంద్రుడు భూమి కంటే దాదాపు 1.7 రెట్లు వెడల్పుగా కనిపించక తప్పదు.

ఈ లెక్కను ఇంకొంచెం సాగదీస్తే మరో ఆసక్తికరమైన విషయం తెలుస్తుంది. ఆ రోజుల్లో చంద్రుడు భూమికి బాగా దగ్గరగా, 3,63,000 కిలోమీటర్ల చుట్టుపక్కల ఉన్నాడు. భూమి, చంద్రుడు, నౌక ఒకే వరుసలో ఉన్నాయనుకుందాం. చంద్రుడి అవతల 1,36,000 కిలోమీటర్ల దగ్గర నిలబడితే రెండూ సరిగ్గా ఒకే పరిమాణంలో కనిపిస్తాయి. అంతకంటే చంద్రుడికి దగ్గరగా వస్తే చంద్రుడిదే పైచేయి. అంతకంటే వెనక్కి వెళితే భూమి పెద్దదవుతుంది. 69,000 అన్నది 1,36,000కు దాదాపు సగం. ఓరియన్ నుంచి భూమి పెద్దగా కనిపించి ఉంటే అప్పుడు అనుమానించాల్సి వచ్చేది.

అంత దూరం ఎందుకు వెళ్లారు? ఓరియన్ ఎంచుకున్న కక్ష్యను దూరపు తిరోగామి కక్ష్య అంటారు. చంద్రుడు భూమి చుట్టూ తిరిగే దిశకు వ్యతిరేకంగా, చంద్రుడికి సుమారు 70,000 కిలోమీటర్ల ఎడంలో నౌక తిరుగుతుంది. భూమి ఆకర్షణ, చంద్రుడి ఆకర్షణ అక్కడ ఒకదానికొకటి తూకంగా ఉండి, కక్ష్య సులభంగా చెదరదు. అందువల్ల అందులో కొనసాగడానికి ఇంధనం చాలా తక్కువ సరిపోతుంది. మొదటిసారి ఎగురుతున్న నౌకను చాలా రోజులు పరీక్షించాలంటే అలాంటి చోటు అనువైనది. నవంబరు 25న అందులోకి ప్రవేశించి, ఆ మరుసటి రోజే మనుషుల కోసం తయారైన నౌకలు వెళ్లిన దూరాల్లో 1970 నుంచి నిలిచి ఉన్న అపోలో-13 రికార్డును, 4,00,171 కిలోమీటర్లను, ఓరియన్ దాటింది.

ఈ చిత్రాలు తీసిన కెమెరాల గురించి చెప్పకుండా మిగతా ప్రశ్నలకు జవాబు చెప్పలేం. ఓరియన్ మీద మొత్తం 16 కెమెరాలున్నాయి. మనం ఎక్కువగా చూసిన దృశ్యాలు నౌక సౌరఫలకాల రెక్కల చివర్ల నుంచి వచ్చినవి. యూరప్ తయారుచేసిన సేవా విభాగానికి నాలుగు రెక్కలున్నాయి, ఒక్కొక్కటి దాదాపు 7 మీటర్ల పొడవు. ప్రతి రెక్క కొసన, మార్కెట్లో దొరికే రకం చిన్న కెమెరాను అంతరిక్షానికి తగ్గట్టు బాగా మార్చి అమర్చారు. అవి నౌకలోని వైఫై ద్వారా చిత్రాలను లోపలికి పంపుతాయి. వాటి అసలు పని భూమిని చూడటం కాదు, నౌకను చూడటం. బయటి పొర ఎక్కడైనా దెబ్బతిన్నదా, సూక్ష్మమైన అంతరిక్ష రేణువులు తగిలిన గుర్తులున్నాయా అని ఇంజినీర్లు పరిశీలించడానికి అవి ఉన్నాయి. రెక్కలను వంచి, తిప్పి, నౌకను రకరకాల కోణాల్లో చూస్తారు.

నౌక మొత్తాన్ని చట్రంలో ఇరికించాలంటే కటకం విశాలమైన కోణాన్ని పట్టుకోవాలి. భూమి అంత చిన్నగా రావడానికి ఇదో పెద్ద కారణం, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఉదాహరణకు ఒక కెమెరా అడ్డంగా 90 డిగ్రీలను 1,920 చుక్కల్లో (పిక్సెళ్లలో) చూపిస్తుందనుకుందాం. అందులో 1.7 డిగ్రీల భూమికి దక్కేవి సుమారు 36 చుక్కలే. అదే భూమిని దూరాన్ని దగ్గర చేసే కటకంతో తీస్తే చట్రం నిండా వచ్చేది. 1968 డిసెంబరు 24న అపోలో-8 నుంచి బిల్ ఆండర్స్ తీసిన ప్రసిద్ధ చిత్రంలో చంద్రుడి అంచుపై భూమి అంత ఘనంగా కనిపించడానికి ఆయన వాడిన 250 మిల్లీమీటర్ల కటకమే కారణం. ఆ రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టి ‘భూమి పరిమాణం మారిందేమిటి’ అని అడిగితే, మారింది భూమి కాదు, కటకం.

నక్షత్రాల సంగతి దీనికంటే సులువు. సూర్యకాంతిలో ఉన్న భూమి, చంద్రుడు, నౌక తెల్లటి పైపూత మహా ప్రకాశవంతమైనవి. వాటి వివరాలు చెదరకుండా రావాలంటే కెమెరా సెకనులో చాలా చిన్న భాగం మాత్రమే కాంతిని లోపలికి రానివ్వాలి. అంత తక్కువ సమయంలో నక్షత్రాల మసక వెలుగు గుర్తుగా నిలవదు. నక్షత్రాలు కావాలంటే కెమెరాను చాలాసేపు తెరిచి ఉంచాలి, అప్పుడు భూమి తెల్లటి మచ్చలా కాలిపోతుంది. ఒకే చిత్రంలో రెండూ అందంగా కనిపిస్తున్నాయంటే, రెండు చిత్రాలను కలిపారేమో అని ఆలోచించాలి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం భూమి కళలు. చంద్రుడికి కళలున్నట్టే, చంద్రుడి దగ్గర నుంచి చూస్తే భూమికీ ఉంటాయి. అయితే అవి తలకిందులుగా నడుస్తాయి. మనకు అమావాస్య అంటే చంద్రుడు మనకూ సూర్యుడికీ మధ్యలో ఉన్నాడని అర్థం. అక్కడి నుంచి భూమి వైపు చూస్తే సూర్యుడు చూసేవాళ్ల వెనక ఉంటాడు, కాబట్టి భూమి నిండు బింబంగా వెలుగుతుంది. మనకు పౌర్ణమి అయితే అక్కడి వాళ్లకు భూమి చీకటి ముఖం చూపిస్తుంది. మనకు చంద్రుడు పెరుగుతున్నంత కాలమూ అక్కడ భూమి తరుగుతూ ఉంటుంది.

ఓరియన్ ప్రయాణాన్ని పంచాంగం పక్కన పెట్టుకుని చూడండి. నవంబరు 21న నౌక మొదటిసారి చంద్రుడి పక్కగా, ఉపరితలానికి సుమారు 130 కిలోమీటర్ల ఎత్తులో దూసుకెళ్లింది. అమావాస్యకు ఇంకా రెండు రోజులుంది, కాబట్టి అప్పటికి భూమి దాదాపు నిండుగా ఉండాలి. నవంబరు 28 నాటికి మనకు శుక్లపక్షపు పంచమి. చంద్రుడిలో మూడో వంతు కంటే తక్కువే వెలుగుతోంది, కాబట్టి అటు నుంచి భూమిలో మూడింట రెండు వంతులు మించి వెలగాలి. చిత్రంలో ఒక పక్క తరిగినట్టున్న భూమి సరిగ్గా అదే. ఆ రోజు నౌకకు కనిపించిన చంద్రుడూ అలాగే ఎక్కువ భాగం వెలుగుతూ ఉన్నాడు, ఎందుకంటే నౌక చంద్రుడి అవతలి ముఖాన్ని చూస్తోంది. మనకు ఎప్పుడూ కనపడని ఆ ముఖం మీద అప్పుడు ఎండ కాస్తోంది. అవతలి ముఖం ఎప్పుడూ చీకట్లోనే ఉంటుందనే అపోహకు ఆ ఒక్క చిత్రం చాలు.

డిసెంబరు 5కు కథ మారిపోయింది. తిరుగు ప్రయాణంలో ఓరియన్ మళ్లీ చంద్రుడికి సుమారు 128 కిలోమీటర్ల దగ్గరగా వచ్చింది. మనకు పౌర్ణమి రెండు మూడు రోజుల్లో ఉంది. ఆ రోజు చిత్రాల్లో భూమి సన్నటి వంకలా ఉంది. నెలవంకను చూడటానికి అలవాటు పడిన మన కళ్లకు ‘భూమి వంక’ కొత్తగా తోస్తుంది గానీ, లెక్క మాత్రం అదే. ఆ చిత్రాల మీద తేదీలు తీసేసి ఇచ్చినా, భూమి ఎంత వెలిగిందో చూసి వాటిని వరుసలో పెట్టవచ్చు. ఇన్ని రోజుల పాటు వేర్వేరు కెమెరాల నుంచి వచ్చిన చిత్రాలన్నీ ఆకాశంలోని చంద్రుడి కళలతో పొందికగా ఉండటం కంటే మంచి రుజువు నాకు తోచదు. పైగా ఆ రుజువును ఎవరైనా స్వయంగా సరిచూసుకోవచ్చు.

ఈ తలకిందుల కళలను కళ్లారా చూడటానికి వ్యోమనౌక అక్కర్లేదు. అమావాస్య తర్వాత విదియ, తదియ నాడు సాయంత్రం సన్నటి నెలవంకను చూడండి. వంక లోపలి చీకటి భాగం కూడా లేతగా, బూడిదరంగులో కనిపిస్తుంది. అక్కడ పడుతున్నది భూమి నుంచి వెళ్లిన వెలుగు. అప్పుడు అక్కడి ఆకాశంలో భూమి దాదాపు నిండు బింబం. వైశాల్యంలో మన నిండు చంద్రుడికి 13 రెట్లు ఉండి, తన మీద పడిన ఎండలో దాదాపు 30 శాతాన్ని తిప్పి పంపుతుంది. చంద్రుడు తిప్పి పంపేది 12 శాతం లోపే. చంద్రుడు మన కంటికి వెండిలా మెరుస్తాడు గానీ, భూమి పక్కన పెడితే అతడు ముదురు బూడిదరంగు రాయి అన్న సంగతి ఓరియన్ చిత్రాల్లో స్పష్టంగా తెలుస్తుంది. భూమికి ఆ మెరుపునిచ్చేవి ప్రధానంగా మేఘాలు.

ఆండర్స్ తీసిన ఆ చిత్రానికి స్థిరపడిన ‘భూ ఉదయం’ (ఎర్త్‌రైజ్) అన్న పేరు వల్ల మరో గందరగోళం పుట్టింది. చంద్రుడి మీద నిలబడితే భూమి రోజూ ఉదయించి అస్తమిస్తుందని చాలామంది అనుకుంటారు. చంద్రుడు ఎప్పుడూ ఒకే ముఖాన్ని మన వైపు తిప్పి ఉంచుతాడు కాబట్టి, అక్కడ నిలబడిన వాళ్లకు భూమి ఆకాశంలో దాదాపు ఒకే చోట వేలాడుతూ, కొద్దిగా ఊగిసలాడుతూ కనిపిస్తుంది. తన చుట్టూ తాను తిరగడం, కళలు మారడం కనిపిస్తాయి గానీ, చంద్రబింబపు అంచుల దగ్గరి ప్రాంతాల్లో తప్ప ఉదయాస్తమయాలు లేవు. నౌక కదులుతుంది కాబట్టే నౌక నుంచి భూమి చంద్రుడి వెనక అస్తమిస్తుంది, మళ్లీ ఉదయిస్తుంది.

నవంబరు 21న అలా అస్తమించిన క్షణానికి ఇంకో అర్థం కూడా ఉంది. భూమి చంద్రుడి చాటుకు వెళ్లిందంటే నౌక నుంచి భూమికి సూటి దారి మూసుకుపోయిందన్నమాట. రేడియో తరంగాలూ ఆ దారినే రావాలి. భూమి కనపడకుండా పోవడం, సంకేతం తెగిపోవడం ఒకే ఘటనకు రెండు పేర్లు. ఆ రోజు దాదాపు 34 నిమిషాలు ఓరియన్‌తో మాట్లాడే వీలు లేకపోయింది. కీలకమైన ఇంజిన్ దహనం, రెండున్నర నిమిషాల పాటు, ఆ మౌనంలోనే జరిగింది. చంద్రుడి అంచు దాటి నౌక మళ్లీ బయటికి వచ్చి, చిన్న నీలి బింబం తెరపై కనిపించినప్పుడు నియంత్రణ గదిలో వాళ్లు చూసింది అందాన్ని మాత్రమే కాదు. దారి తెరుచుకుంది, నౌక బతికి ఉంది అన్న కబురు కూడా.

మనిషి లేని నౌక భూమిని ఇలా వెనక్కి తిరిగి చూడటం ఇదే మొదలు కాదు. 1966 ఆగస్టు 23న లూనార్ ఆర్బిటర్-1 చంద్రుడి దగ్గర నుంచి భూమిని మొట్టమొదటిసారి చిత్రించింది. అపోలో దిగడానికి తగిన చోట్లు వెతకడం దాని పని, భూమి చిత్రం మొదటి ప్రణాళికలో లేదు. ఫిల్మును నౌకలోనే కడిగి, గీతలు గీతలుగా చదివి, రేడియోలో పంపింది. మరుసటి ఏడాది నవంబరు 9న అపోలో-4 మనుషులు లేకుండా ఎగిరి, సుమారు 18,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి వంక ఆకారంలోని భూమిని వందల రంగు చిత్రాల్లో పట్టుకుంది. 1968 సెప్టెంబరులో సోవియట్ నౌక జోండ్-5 రెండు తాబేళ్లతో చంద్రుడిని చుట్టి వచ్చింది. చంద్రుడి దాకా వెళ్లి క్షేమంగా తిరిగి వచ్చిన తొలి జంతువులు అవే. తిరుగు దారిలో 90,000 కిలోమీటర్ల దూరం నుంచి అది భూమిని ఫొటో తీసింది. 2014 అక్టోబరు 28న చైనా పరీక్షా నౌక ఛాంగ్-ఇ 5-టి1 చంద్రుడి అవతలి ముఖాన్ని, దాని పక్కన చిన్నగా భూమిని ఒకే చట్రంలో చూపింది. అక్కడా చంద్రుడే పెద్ద, అదే జ్యామితి వల్ల. ఈ నౌకలన్నీ వేరే పనుల మీద వెళ్లినవే. భూమిని చూడటం ఆ పనుల మధ్య దొరికిన తీరిక.

ఓరియన్ విషయంలో మాత్రం భూమిని, చంద్రుడిని చూడటమే పనిగా ఉన్న కెమెరా ఒకటుంది. జనం దాని నలుపు తెలుపు చిత్రాలను పెద్దగా పట్టించుకోలేదు. అది దారి కనుక్కునే కెమెరా. మామూలుగా నౌక ఎక్కడుందో భూమి మీది పెద్ద యాంటెనాలు లెక్కగడతాయి. ఆ సంబంధం తెగిపోతే? ఇది ఊహల్లో భయం కాదు. నవంబరు 23న యాంటెనా వ్యవస్థతో అనుసంధానాన్ని సర్దుబాటు చేస్తున్నప్పుడు 47 నిమిషాల పాటు ఓరియన్‌తో డేటా రాకపోకలు నిలిచిపోయాయి. తర్వాత అంతా మామూలైంది. కానీ మనుషులున్న నౌకలో అలాంటి మౌనం రోజుల తరబడి సాగితే, వాళ్లు తమంతట తాము ఇంటి దారి కనుక్కోగలగాలి.

దానికి సూత్రం మనం మొదట వేసిన లెక్కే, వెనక నుంచి ముందుకు. అక్కడ దూరం తెలిసి పరిమాణం కనుక్కున్నాం. ఇక్కడ చిత్రంలో భూమి ఎన్ని డిగ్రీలుందో కొలిచి, దాని అసలు వ్యాసం తెలుసు కాబట్టి దూరం రాబడతారు. నక్షత్రాల ఆధారంగా నౌక ఎటు తిరిగి ఉందో తెలిస్తే దిశ కూడా దొరుకుతుంది. అపోలో వ్యోమగాములు ఇలాంటి కొలతలను సెక్స్‌టాంట్ అనే కోణాలు కొలిచే పరికరంతో, తమ కంటితో చేసేవారు. ఓరియన్‌లో ఆ పని కెమెరాది, సాఫ్ట్‌వేర్‌ది.

చెప్పినంత తేలిక కాదు. 4,32,000 కిలోమీటర్ల దూరంలో భూమి వ్యాసాన్ని 10 కిలోమీటర్లు ఎక్కువగా కొలిస్తే లెక్కలో దూరం 300 కిలోమీటర్లకు పైగా తప్పుతుంది. భూమి అంచేమో రాయిలా తెగినట్టు ఉండదు. వాతావరణం వల్ల ఆ అంచు క్రమంగా మసకబారుతూ చీకట్లో కలిసిపోతుంది. ఎక్కడ ఆగి ‘ఇదీ అంచు’ అనాలి? గాలి లేని చంద్రుడి అంచు దీనికంటే పదును, దగ్గరగా ఉన్నప్పుడు పొరపాటూ తక్కువ. 69,000 కిలోమీటర్ల నుంచి చంద్రుడి వ్యాసంలో ఒక కిలోమీటరు తేడా పడితే దూరంలో తప్పు 20 కిలోమీటర్లే.

దీనికి కళలు తోడవుతాయి. వంకలా ఉన్న బింబానికి ఒక పక్క అంచే కనిపిస్తుంది. రెండో పక్కన వెలుగు నీడలోకి జారే గీతను సాఫ్ట్‌వేర్ అంచుగా పొరబడితే కొలత మొత్తం చెడుతుంది. వెలిగిన వంపు నుంచే పూర్తి వృత్తాన్ని ఊహించి గీయాలి, భూమి ధ్రువాల దగ్గర కొద్దిగా నొక్కుకుపోయి ఉందన్నదీ లెక్కలోకి తీసుకోవాలి. అందుకే ఓరియన్ తన ప్రయాణంలో వేర్వేరు కళల్లో, వేర్వేరు దూరాల నుంచి చిత్రాలు తీసింది. నిండు బింబం మీద పనిచేసే పద్ధతి సన్నటి వంక మీద కూడా పనిచేస్తుందో లేదో తేల్చుకోవాలంటే వేరే దారి లేదు.

తిరుగు ప్రయాణంలో ఈ పరీక్ష విలువ ఇంకా పెరుగుతుంది. మనకు పౌర్ణమి డిసెంబరు 8న వెళ్లింది కాబట్టి ఓరియన్ భూమి చీకటి ముఖం వైపు నుంచి వచ్చింది. అది చూసిన భూమి రోజురోజుకూ పెద్దదవుతున్న వంక. గంటకు దాదాపు 40,000 కిలోమీటర్ల వేగంతో వచ్చే నౌక వాతావరణాన్ని సరైన కోణంలో తాకాలి. నిటారుగా దిగితే వేడీ ఒత్తిడీ హద్దు దాటుతాయి, మరీ ఏటవాలుగా వస్తే గాలిపొర మీద నుంచి జారి బయటికి పోతుంది. భూమితో మాట కలవని సిబ్బందికి ఆ కోణాన్ని సరిచూసుకునే ఆధారం ఆ వంక అంచే, ఆ అంచును కొలవడం ముందుగా నేర్చుకున్నది మనుషులెవరూ లేని ఈ నౌక.